యాక్షన్ రీసెర్చ్‌కి ‘కూడబలుకు’ పనికొస్తుందా?

యాక్షన్ రీసెర్చ్ అంటే, సమస్య ఉన్నచోటే దాన్ని మార్చే పని చేస్తూ, ఆ పని నుంచే నేర్చుకునే పరిశోధన. దానికో మంచి తెలుగు మాట వెతుకుతున్నాను. బీఈడీ పుస్తకాల్లో దీన్ని ‘క్రియాత్మక పరిశోధన’ అంటారు, కొన్నింట్లో ‘చర్యాత్మక’ అని కూడా చూశాను. వింటే ల్యాబ్‌లో ఏదో జరుగుతోందనిపిస్తుంది తప్ప ఎవరు ఎవరితో కలిసి చేస్తున్నారో తెలీదు. అసలు సంగతంతా అక్కడే ఉంది కదా. సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో దీని గురించి రాస్తూ, పుస్తకాలు తప్ప ఇంకేమీ మిగల్చని పరిశోధన చాలదన్నాడు. 1953కల్లా అమెరికాలో విద్యాశాస్త్రం చెప్పే స్టీఫెన్ కోరీ దాన్ని బడిలోకి తెచ్చాడు, టీచరే తన క్లాసు గురించి పరిశోధించుకోవచ్చని. తర్వాత కొలంబియా దేశంలో సామాజికవేత్త ఫాల్స్ బోర్డా లాంటివాళ్ళు, ఎవరి బతుకు గురించి అడుగుతున్నామో వాళ్ళు కూడా అడిగేవాళ్ళలో ఉండాలన్నారు.

మాది వైజాగ్. చేపలు పట్టేవాళ్ళుండే పెదజాలరిపేట వైపు ఒక బళ్ళో పనిచేసేటప్పుడు ఐదో తరగతిలో నలుగురు ఆడపిల్లలు పొద్దున పీరియడ్లకి సరిగా వచ్చేవారు కాదు. నేను నోట్‌బుక్కులో పట్టిక గీసుకుని (బద్ధకం, అనారోగ్యం, చదువు మీద ఆసక్తి లేకపోవడం, ఇవీ నా గడులు) ఇంటింటికీ తిరుగుతుంటే ఒకావిడ ‘ఏటి టీచరమ్మా, సోదాకొచ్చినావా?’ అంది. సిగ్గేసింది. సోదా కూడా ‘శోధన’ చుట్టమే, ఆవిడ తప్పేం అనలేదు.

పట్టిక మూసేసి, ఏం చూడాలో మీరే చెప్పండన్నాను. తల్లులకి తెల్లారకముందే హార్బర్‌లో చేపల వేలం, అక్కణ్ణుంచి గంపెత్తుకుని ఊళ్ళోకి. వాళ్ళొచ్చేదాకా చంటిపిల్లని పెద్దపిల్లే చూసుకోవాలి. దానికి నా దగ్గర గడే లేదు! చంటిపిల్లలందర్నీ ఒక ముసలమ్మ దగ్గర ఉంచుదామనుకున్నారు, వారం బాగానే నడిచింది, తర్వాత ఆవిడకి జ్వరమొచ్చి కథ మళ్ళీ మొదటికొచ్చింది, అప్పుడు ఇద్దరు ముసలమ్మలు వంతులేసుకున్నారు. హాజరు రిజిస్టర్లో నేనూ, గోడ మీద బొగ్గుతో వాళ్ళూ. నెలాఖర్న రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండుచోట్ల తేడా వచ్చింది, రెండుసార్లూ తప్పు నాదే. ‘అందరం కూడబలుక్కున్నాం గదా, అవుద్దిలే’ అంది ఆ సోదా ఆవిడే.

అందుకే అడుగుతున్నా, ‘కూడబలుకు పరిశోధన’ అంటే ఎలా ఉంటుంది?

— ‘ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారు’ అంటే ఒకే అబద్ధం చెబుతున్నారని కదండీ? థీసిస్ మీద ఆ మాట చూస్తే గైడ్‌కి టెన్షన్ రాదా?

— ఆ వాసన ఉంది, కాదనను. కానీ మొదట అది కూడఁబలుకు, కూడన్ మీద పలుకు చేరి ‘ప’ కాస్తా ‘బ’ అయింది, కూడబెట్టులో లాగానే. కొత్తగా చదువు నేర్చే పిల్లాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు చూడండి, అందులో కుట్ర ఏముంది?

— 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల నోటిమాటలతోనే వచ్చింది. అదీ ఇదే కదా మేడమ్?

— చాలా పెద్ద పని అది. కానీ ఏం అడగాలో నిర్ణయించింది పండితులే, రైతులు జవాబు చెప్పారు. నాకైతే గిడుగు రామమూర్తిగారు దీనికి దగ్గరనిపిస్తారు. సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, తిరిగి వాళ్ళ పిల్లలకే ఆ భాషలో బళ్ళు పెట్టించారు. అక్కడా వాళ్ళు కూడా కూర్చుని ప్రశ్న వేశారా అంటే, చెప్పలేను. ఆదివారం పేటకి వెళ్తున్నా, ఈ మాట సంగతీ అక్కడే అడిగొస్తాను.

— అడగండి. పన్లో పని, నెత్తళ్ళు కిలో ఎంతో కూడా.