అప్‌డేట్: మడ అడవి పనిలో ఆడవాళ్ల కూలి – ఏం మారింది, ఏం మిగిలింది

గోదావరి డెల్టాలో మడ మొక్కలు పెంచే పనిలో మగవాళ్లకు కాలువ తవ్వకం, ఆడవాళ్లకు బురద మోత, నర్సరీ. కూలి ఆడవాళ్లకే తక్కువ. దీన్నెలా సరిచేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఎంత మట్టి పని జరిగిందో కొలిచి, దాన్ని బట్టి కూలి కట్టమని జవాబిచ్చారు. పనిచేసింది, కానీ ఒక సవరణతో.

కాలువ పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు, లోతు 1 మీటరు. అంటే మీటరు పొడవుకు 2 ఘనపు మీటర్ల మట్టి. మొదట్లో తవ్వకమే రాశారు, గట్టు మీదికి మోసింది లెక్కలోకే రాలేదు. పది లీటర్ల తట్టలో తడి బురద 15 కిలోలు దాటుతుంది. మోకాలి లోతు దిగబడుతూ దాన్ని మోయడం తేలిక పనెలా అవుతుంది? ఇప్పుడు తవ్వేవాళ్లొకరు, మోసేవాళ్లొకరు ఒక జత. ఘనపు మీటరు రేటు చెరి సగం, మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఎవరి పేరు వాళ్లది, ఎవరి ఖాతాలో వాళ్ల డబ్బు. ఒకే రకం పనికి ఆడా మగా ఇద్దరికీ ఒకే కూలి అని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది.

నర్సరీలో మాత్రం మొక్కల సంచుల లెక్కన కూలి వద్దు. తెల్లమడ విత్తనం ఏరిన కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. సంచికింత అని కడితే మొలవని విత్తనాల నష్టం ఆడవాళ్ల మీద పడుతుంది. అక్కడ రోజు కూలే, కాలువ పనితో సమానంగా.

ఇంకా తేలనిది పని వేళ. సముద్రపు పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, దాన్ని బట్టి పని వేళా మారుతుంది. ముందురోజు రాత్రి ఫోన్ చేసి రమ్మంటే వంట, పిల్లల బడి చూసుకునేవాళ్లు రాలేరు. వారం ముందే వేళల పట్టీ అతికిస్తున్నాం.