హోప్ జీపీఏ బడి జీపీఏ కన్నా ఎందుకు తక్కువ చూపిస్తోంది? (జార్జియా)

సుజాత, కమ్మింగ్:
మా వాడు సీనియర్ ఇయర్‌లోకి వచ్చాడు. బడి ట్రాన్‌స్క్రిప్ట్‌లో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 3.9 ఉంది. జార్జియా లాటరీ డబ్బుతో కాలేజీకి ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ ఉంది కదా, దాని వెబ్‌సైట్ జీఏఫ్యూచర్స్‌లో చూస్తే హోప్ జీపీఏ 3.58! హోప్‌లోనే పై మెట్టయిన జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కి 3.7 కావాలట కదా. శాట్ 1390 వచ్చింది. ఎక్కడైనా పొరపాటు పడిందా? పైగా మా మామగారు "లాటరీ డబ్బుతో చదువేంటమ్మా, మనం టికెట్ కొనాలా?" అంటున్నారు. ఆయనకేం చెప్పను?

రమణ, ఆల్ఫారెట్టా:
పొరపాటేమీ లేదండీ. హోప్‌కి ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్, విదేశీ భాష, ఈ ఐదే లెక్క. బ్యాండ్‌లోనూ పీఈలోనూ వచ్చిన ఏ గ్రేడ్లు పోతాయి. బడి కలిపిన వెయిటేజీ కూడా తీసేస్తారు. ఉదాహరణకి ఆనర్స్ కెమిస్ట్రీలో 86 వచ్చిందనుకోండి, బడి నాలుగు పాయింట్లు కలిపి 90 చేస్తే అది ఏ. హోప్ వాళ్ళు ఆ నాలుగూ పీకేస్తారు, మళ్ళీ బీ, అంటే 3.0. అదే కాలేజీ స్థాయి ఏపీ కోర్సులో బీ అయితే అర పాయింటు కలిపి 3.5 ఇస్తారు.

ఇక 3.7 సంగతి. ఇప్పటిదాకా 16 కోర్ క్రెడిట్లు అయ్యాయనుకుందాం. ఈ ఏడాది నాలుగూ ఏలు తెచ్చుకున్నా 3.66 దగ్గర ఆగుతుంది. అంచేత పిల్లాడి ప్రాణం తీయకండి. 2023 ఫాల్ నుంచి పబ్లిక్ కాలేజీల్లో మామూలు హోప్ కూడా ట్యూషన్ మొత్తం కడుతోంది, దానికి 3.0 చాలు. 2011లో కోత పెట్టాక చాలా ఏళ్ళు కొంతే ఇచ్చారు, ఆ రోజుల్లో అయితే బెంగపడాల్సిందే. హాస్టలు, భోజనం, పుస్తకాలు, ఫీజులు మాత్రం మన జేబులోంచే.

లక్ష్మి, జాన్స్ క్రీక్:
మేమింకా హెచ్1బీలోనే ఉన్నాం, పాపది డిపెండెంట్ వీసా హెచ్4. కిండర్‌గార్టెన్ నుంచీ ఇక్కడే చదివింది. హోప్ వస్తుందా?

రమణ:
రాదు లక్ష్మిగారూ. సిటిజన్ గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. పన్నులు కట్టాం కదా అని నేనూ వాదించి చూశాను, పని జరగలేదు. కార్డు వచ్చాక కూడా జార్జియా నివాసం లెక్క చూస్తారు, అందుకే కార్డు వచ్చిన రోజునే కాలేజీ ఎయిడ్ ఆఫీసులో అడగండి.

పద్మ, మారియెట్టా:
సుజాతా, అసలు కష్టం రావడంలో లేదు, నిలబెట్టుకోవడంలో ఉంది. కాలేజీలో 30, 60, 90 క్రెడిట్ గంటలు దాటినప్పుడూ ప్రతి స్ప్రింగ్ చివరా జీపీఏ 3.0 ఉందా అని చూస్తారు. మా అమ్మాయికి మొదటి ఏడాది చివర 2.94 వచ్చింది, పోయింది. కాల్క్యులస్ మధ్యలో వదిలేసి గ్రేడు బదులు డబ్ల్యూ (వదిలేసినట్టు గుర్తు) పెట్టించుకుంది. డబ్ల్యూ జీపీఏని తగ్గించదు, నిజమే, కానీ ఆ గంటలు మాత్రం లెక్కలో చేరతాయి. 60 గంటల దగ్గర మళ్ళీ తెచ్చుకుంది. రెండోసారి పోతే ఇక రాదు, గుర్తుంచుకో.

మీ మామగారికి టికెట్ కొనక్కర్లేదని చెప్పు. 1992లో జార్జియా జనం ఓటేసి లాటరీ తెచ్చారు, గవర్నర్ జెల్ మిల్లర్ పట్టుబట్టి 1993లో హోప్ మొదలుపెట్టారు. మొదట్లో ఇంటి ఆదాయం 66 వేల డాలర్లు దాటితే ఇచ్చేవారు కాదు, తర్వాత ఆ హద్దు ఎత్తేశారు. నా మట్టుకు నాకు అదే గుచ్చుకుంటుంది. మా పక్క గ్యాస్ స్టేషన్‌లో రోజూ పొద్దున్నే ఒకాయన పని బూట్లతో నిలబడి పావలా నాణెంతో స్క్రాచ్ టికెట్ గీకుతుంటాడు. మా అమ్మాయి ట్యూషన్ అందులోంచే వస్తోంది.

సుజాత:
థాంక్సండీ అందరికీ. పద్మక్కా, అప్లికేషన్‌కి ఫాఫ్సా, అదే ఫెడరల్ సాయం ఫారం, తప్పదా?

పద్మ:
తప్పనిసరి కాదు, జీఏఫ్యూచర్స్‌లోనే వేరే అప్లికేషన్ ఉంది, అదీ సరిపోతుంది. కానీ ఫాఫ్సా నింపితే ఫెడరల్ సాయం కూడా చూస్తారు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో వాడి పేరూ సోషల్ సెక్యూరిటీ నంబరూ సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూసుకో.