పైథాన్ ఐపీఅడ్రస్ మాడ్యూల్‌లో ఓవర్‌ల్యాప్ అయ్యే సబ్‌నెట్లు ఎట్ల పట్టుకోవాలి?

పైథాన్ తెలిసినోళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్. మాదాపూర్‌ల మా ఆఫీసు, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ బ్రాంచీల సబ్‌నెట్లన్నీ (నెట్‌వర్క్‌ల ఒక్కో ముక్కకిచ్చిన ఐపీ అడ్రస్‌ల గుంపులు) ఒక ఎక్సెల్ షీట్‌ల ఉన్నయి, ఏవి ఒకదానిమీద ఒకటి పడుతున్నయో తేల్చమన్నరు, అందుకే ఐపీ అడ్రస్‌ల లెక్కలు చూసే ఐపీఅడ్రస్ మాడ్యూల్ పట్టుకున్నా, 3.3 నుంచి పైథాన్‌తోనే వస్తది కాబట్టి పిప్‌తో విడిగా ఇన్‌స్టాల్ చేసే పనిలేదు.

షీట్‌ల 10.20.4.7/24 అని ఉంది (/24 అంటే ముందు 24 బిట్లు నెట్‌వర్క్‌వి, మిగిలినవి హోస్ట్‌వి, అంటే దాంట్ల ఉన్న మెషీన్‌వి), ఐపీ_నెట్‌వర్క్‌కి ఇస్తే హోస్ట్ బిట్స్ సెట్ అయినయని వాల్యూఎర్రర్. స్ట్రిక్ట్=ఫాల్స్ పెడితే 10.20.4.0/24 అయితది, ఓకే, కానీ ఆ 7 పోతది, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి ఇచ్చే అడ్రస్) అదే, నాకు అదీ కావాలె. అడ్రస్, నెట్‌వర్క్ రెండూ ఉంచుకునే ఐపీ_ఇంటర్‌ఫేస్ వాడి దాంట్లకెళ్లి నెట్‌వర్క్ తీసుకునుడే కరెక్టా?

ఇంకోటి, 010.020.004.000 లాంటివి కూడా ఉన్నయి. 3.9.5 నుంచి ముందు సున్నాలు ఒప్పుకోదు, కొన్ని ప్రోగ్రాములు 010ని ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే అంకె) అనుకొని 8గా చదువుతయి కాబట్టి అది న్యాయమే, కానీ షీట్ రాసినాయన లెక్కల అది పదే. సున్నాలు నేనే కొట్టేసి పంపాల్నా?

ప్రతిదాన్నీ ప్రతిదానితో ఓవర్‌ల్యాప్స్ మెథడ్ పెట్టి చూస్తే నత్తనడక. సార్ట్ చేసి పక్కపక్కవే చూస్తే, పెద్ద /16 లోపల చిన్నవి మస్తుగ ఉంటే కొన్ని తప్పిపోతయి కదా? పైగా ఐపీవీ6 (కొత్త రకం, పొడుగు ఐపీ అడ్రస్‌లు) వరసలు కలిస్తే సార్ట్‌లనే టైప్‌ఎర్రర్, వర్షన్ చూసి విడగొట్టాల్నా?