"గాలివాటం" తిట్టుమాట ఎందుకయింది?

నెల రోజులుగా ఒక మాట నన్ను పట్టుకుని వదలట్లేదు, ఇక్కడ పెడితే తెలిసినవాళ్ళు తలో చెయ్యి వేస్తారని రాస్తున్నాను. తెరచాపల కాలం నాటి నౌకాయుద్ధాల నవలలంటే నాకు ప్రాణం, నెపోలియన్ యుద్ధాల నేపథ్యంతో ఇంగ్లీషులో వచ్చినవి ఏవి దొరికినా చదువుతాను. చదివింది రాత్రిళ్ళు మా అమ్మాయికి తెలుగులో చెబుతుంటాను, దానికి తొమ్మిదేళ్ళు. మొన్న ఒక ఘట్టం దగ్గర నోరు ఆగిపోయింది. రెండు ఓడలు కనుచూపు మేరలో ఉన్నాయి, కెప్టెన్‌కి తెల్లారిన దగ్గర్నుంచి ఒకటే తాపత్రయం, ఎలాగైనా వెదర్ గేజ్ సంపాదించాలని. దాన్ని తెలుగులో ఏమనాలి? ఠక్కున నోటికొచ్చింది "గాలివాటం". గాలివాటం కోసం చూస్తున్నాడమ్మా అన్నాను. "అయితే ఆయన మంచోడు కాదా?" అని అడిగింది. టీవీలో విన్న మాట అది, గాలివాటం నాయకులు, గాలివాటంగా గెలిచినవాళ్ళు. పిల్లకి తెలిసిన అర్థం అదొక్కటే. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది.

ముందు ఆ వెదర్ గేజ్ ఏమిటో చెబుతాను. ఇద్దరు శత్రువుల్లో గాలి ఎటు నుంచి వస్తోందో అటు పక్కన ఉన్నవాడికి ఆ పట్టు ఉన్నట్టు. అడ్డ తెరచాపల పెద్ద ఓడ గాలికి ఎదురుగా పోలేదు, గాలి వచ్చే దిక్కుకి సుమారు 67 డిగ్రీల కన్నా దగ్గరగా ముక్కు తిప్పితే తెరచాపలు టపటపా కొట్టుకుని ఓడ నిలబడిపోతుంది. అందుకని గాలి పక్కనున్నవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీదికి దిగొచ్చు, అవతలివాడు పైకి రావాలంటే వంకర్లు తిరుగుతూ గంటల తరబడి రావాలి. ఫిరంగుల పొగ కూడా అవతలివాడి మొహానికే కొడుతుంది. అలాగని అంతా లాభమే కాదు. గాలి గట్టిగా ఉంటే ఓడ శత్రువు వైపుకే ఒరుగుతుంది, ఆ పక్క కింది వరస ఫిరంగుల కిటికీలు నీళ్ళకి ఆనేంత కిందికి పోతాయి, తెరిస్తే సముద్రం లోపలికి వచ్చేస్తుంది. పైగా దెబ్బతిన్న ఓడ గాలికి కొట్టుకుపోయేది శత్రువు వైపే. అవతలివాడికైతే ఓడిపోతున్నాననిపిస్తే గాలికి వదిలేసి తప్పుకునే దారి ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు చాలాసార్లు ఆ పక్కనే ఇష్టపడేవారు. ఇవన్నీ లెక్కేసుకుని, అరపూట ముందు నుంచే ఓడని మెల్లగా తనకి కావాల్సిన పక్కకి తెచ్చుకునేవాడే ఆ నవలల్లో గొప్ప నావికుడు.

అంటే గాలివాటం చూడటమనేది అక్కడ విద్య. మరి మన మాటలోనూ విద్యే కదా ఉండేది! వాటం అంటే అనువు, వాలు, అలవాటైన తీరు. ఎడమచేతి వాటం అంటాం, పని చేతికి వాటంగా ఉందంటాం, వీటిలో తిట్టు ఎక్కడుంది?

మా తాతగారు కళ్ళంలో తూర్పారపట్టడం నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. పీట మీద నిలబడి చేట భుజం దాకా ఎత్తి అలాగే ఆగేవారు. కింద మేమంతా ఎదురుచూస్తుండేవాళ్ళం. చెంపకి గాలి ఎటు తగులుతోందో చూసుకుని, పీట రెండుసార్లు జరిపించుకుని, "వాటం కుదిరిందిరా" అని అప్పుడు చేట వంచేవారు. గింజ కాళ్ళ దగ్గర తిన్నగా పడేది, పొట్టూ తాలూ అవతలికి లేచిపోయేవి. గాలి మారితే చెయ్యి అక్కడికక్కడ ఆపేసేవారు. ఆయన చేసింది, ఆ కెప్టెన్ చేసింది ఒకే పని అని నాకనిపిస్తుంది. తూర్పారపట్టడం కూడా ఇప్పుడు పేపర్లలో ఎదుటివాణ్ణి ఉతికెయ్యడానికే వాడుతున్నారు, కళ్ళంలో మాటలన్నీ ఇలా మీటింగుల్లోకి పోయాయి.

ఇక వెదర్ గేజ్‌కి మాట సంగతి. గాలివాటం పూర్తిగా సరిపోదని ఒప్పుకుంటాను, అది గాలి తీరుని చెబుతుంది తప్ప ఇద్దరిలో ఎవరు ఎటున్నారో చెప్పదు. నాకు తోచింది ఇది. నది విషయంలో మనకి ఎగువ, దిగువ ఉన్నాయి, గోదావరి జిల్లాల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన మాటలు. గాలీ ఒక ఏరు లాంటిదే. కాబట్టి గాలికి ఎగువ, గాలికి దిగువ. "మన ఓడ గాలికి ఎగువన ఉంది, వాళ్ళది దిగువన" అన్నాను ఆ మర్నాడు రాత్రి, మా అమ్మాయికి ఇంక ఏమీ విడమర్చాల్సిన అవసరం రాలేదు. వెదర్ గేజ్‌కి "ఎగువపట్టు" అంటే ఎలా ఉంటుంది?

దీంతో ఇంకో చిక్కుముడి కూడా విడిపోయింది. ఆ నవలల్లో నావికులు ఫిరంగుల కన్నా ఎక్కువ భయపడేది లీ షోర్‌కి, అంటే గాలి ఓడని ఏ ఒడ్డు వైపుకి నెడుతోందో ఆ ఒడ్డుకి. దిగువ ఒడ్డు అంటే సరిపోతుంది. మనకి ఇది కొత్త సంగతేం కాదు. ఈశాన్య రుతుపవనం వస్తే మన కోస్తాలో చాలా మేర దిగువ ఒడ్డే. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చెప్పేది సరిగ్గా ఈ ఆపద గురించే. తుఫానుకి పగిలి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ పాత రాజులు లాక్కునేవాళ్ళు, ఆయన మాత్రం న్యాయమైన సుంకం తప్ప మిగతాది వర్తకులకే వదిలేస్తానని మాటిచ్చాడు. అది చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

*

కింద వచ్చిన ప్రశ్నలకి ఇక్కడే కలిపి రాస్తున్నాను.

ఆ యుద్ధాలకీ మనకీ సంబంధం ఏమిటని అడిగారు ఒకరు. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందరే జరిగిందండీ ఒకటి. ఫ్రెంచి అడ్మిరల్ లినోవా 74 ఫిరంగుల మారెంగోతో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో, అంటే దానికన్నా చిన్న యుద్ధ ఓడలతో వచ్చి, 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాడు. దాని కాపలాలో ఉన్న రెండు వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకెక్కి పగిలిపోయింది, రెండోది పట్టుబడింది, సెంచూరియన్ మాత్రం దెబ్బలు తిని నిలబడింది. ఆ ఫిరంగుల మోత విన్న మన ఊరివాళ్ళు ఏమనుకుని ఉంటారా అని బీచ్ రోడ్డులో నడిచినప్పుడల్లా అనుకుంటాను.

తెరచాపలో చాప ఎందుకు ఉందని ఇంకొకరు అడిగారు. నాకైతే అది మనం పడుకునే చాపే అనిపిస్తుంది, గుడ్డ కన్నా ముందు అల్లిన చాపలే కట్టేవారు కదా. తమిళంలో పాయ్ అంటే చాప, తెరచాప రెండూ.

తండేలు ఇంగ్లీషు మాటా అన్న అనుమానానికి: కాదు, మన వైపు నుంచే అటు వెళ్ళింది. ఇండియాకి వచ్చిపోయే ఓడల్లో లస్కర్ల మీద, అంటే మన వైపు నావికుల మీద తండేలు, ఆయన మీద సరంగు, ఇంగ్లీషులో వాళ్ళని టిండల్, సెరాంగ్ అని రాసుకున్నారు. సరంగు పారసీ మాట. ఓడలు పోయినా గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగనే అంటున్నాం, శ్రీకాకుళం తీరంలో తండేలు ఇంకా బతికే ఉంది. ఇంగ్లీషు నవలలో టిండల్ కనబడితే నాకు మన ఊరి మనిషి ఎదురుపడినట్టు ఉంటుంది.

ఒక్కటి మాత్రం నాకు దొరకలేదు. ఎదురుగాలిలో పడవ వంకర్లు తిరుగుతూ పైకి పోయేటప్పుడు, ప్రతి మలుపులో తెరచాపని ఆ పక్క నుంచి ఈ పక్కకి మారుస్తారు చూడండి, ఆ మార్చడాన్ని ఏమంటారు? ఉప్పాడ, భీమిలి, కళింగపట్నం వైపు పెద్దవాళ్ళెవరైనా తెరచాప పడవ నడిపినవాళ్ళు ఉంటే అడిగి, వాళ్ళు ఎలా అంటే అలాగే రాయండి, దయచేసి సరిదిద్దకుండా.