కరెంటు హైదరాబాదు కింద ఉన్నప్పుడు బాగుండెనా, తిరుపతి కిందనా?

బురుజు నీడ (కర్నూలు):
రాష్ట్రం విడిపోయేదాకా మన కర్నూలు, అనంతపురం జిల్లాలు హైదరాబాదులోని కరెంటు పంపిణీ కంపెనీ సీపీడీసీఎల్ కింద ఉండె. 2014లో తిరుపతిలోని పంపిణీ కంపెనీ ఎస్పీడీసీఎల్‌లో కలిపిరి. కడప వాళ్లకు 2000 నుంచీ తిరుపతే. రెండూ చూసినోళ్లం మనమే కాబట్టి అడుగుతున్నా, సరఫరా ఎవరి కింద నిలకడగా ఉండె? నా ఓటు హైదరాబాదుకే.

పెన్నా ఇసుక (అనంతపురం):
ఏమప్పా, 2012 మర్చిపోయినావా? ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఇండ్లల్లో విసనకర్రలు. అప్పుడు మనం హైదరాబాదు కిందే కదా!

బురుజు నీడ:
ఉత్పత్తి చాలక రాష్ట్రమంతా కోతలు పెట్టిన ఏడాది అది. దాన్ని పంపిణీ కంపెనీ నెత్తిన వేస్తే ఎట్లా?

మూడో ఫేజు:
మంచి మాట. మరి ఇప్పుడు కోతలు తగ్గినాయని తిరుపతికి మార్కులు వేయడం కూడా అంతే తప్పు. కోత వేరు, లైను తెగడం వేరు.

పోల్చడానికి సైఫీ, సైడీ అని రెండు లెక్కలున్నాయి. ఏడాదిలో సగటున ఒక్కో సర్వీసుకు (కనెక్షన్‌కు) ఎన్నిసార్లు కరెంటు పోయిందో సైఫీ చెప్తుంది, మొత్తం ఎన్ని నిమిషాలు పోయిందో సైడీ చెప్తుంది. 1000 సర్వీసుల్లో 200 ఇండ్లకు రెండు గంటలు పోయిందనుకోండి. 200ను 120తో గుణించి 1000తో భాగిస్తే 24 నిమిషాలు. చీకట్లో కూర్చున్నోడికి రెండు గంటలు, కాగితం మీద 24 నిమిషాలు!

పాత సీపీడీసీఎల్‌లో హైదరాబాదు నగరం కూడా ఉండె. అంత పెద్ద ఊరి సర్వీసులు కలిపి తీసిన సగటులో పత్తికొండ, కళ్యాణదుర్గం ఎక్కడ కనిపిస్తాయి? అందుకే కంపెనీ సగటులు పక్కపక్కన పెట్టి గెలుపోటములు తేల్చడం నాకు నచ్చదు. ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) ఫీడరుతో పోల్చాలి, అదీ టౌనుతో టౌను, పల్లెతో పల్లె.

ఇంకొకటి. విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల్లో ఈ లెక్కలు 11 కేవీ ఫీడరు దగ్గర తీస్తారు. ప్రధానంగా వ్యవసాయానికి పోయే ఫీడర్లను మొత్తం సగటులో కలపరు, వాటికి విడిగా కడతారు.

శెనక్కాయ చేను:
అంటే మా బోర్లు ఆ సగటులోనే లేవు. బాగుంది!

నేను సేద్యగాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. మా చేను దగ్గర 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ఐదు హెచ్‌పీ మోటర్లు ఐదున్నాయి, అన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే ఐదూ ఒకేసారి లేస్తాయి. మోటరు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతాది. ఫ్యూజు ఎగిరిపోయె. రెండో రోజూ అదే కథ. మూడో రోజు ఎవురో లావు తీగ వేసిరి. (ఆ పని మీరెవ్వరూ చేయొద్దు, ప్రాణం మీదికొస్తాది.) ఫ్యూజు నిలిచె, ట్రాన్స్‌ఫార్మర్ కాలె. పైరు వారం ఎండె. సబ్‌స్టేషన్‌లో చూస్తే ఫీడరు ఆ వారమంతా నడుస్తానే ఉండె!

ఇప్పుడు మేమే మాట్లాడుకుని ఆటో స్టార్టర్లు పీకేసినాం. కెపాసిటర్లు పెట్టించినాం. ఒకరి తర్వాత ఒకరు ఆన్ చేస్తాం. ఇందులో హైదరాబాదేముంది, తిరుపతేముంది?

పెన్నా ఇసుక:
అట్లంటే కంపెనీకి పనేమీ లేనట్టా? చెట్ల కొమ్మలు కొట్టడం, పాత కండక్టరు (లైను తీగ) మార్చడం, నిండిన ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇంకోటి పెట్టడం ఎవరి పని? అన్నీ రైతు మీదికి తోయొద్దన్నా.

శెనక్కాయ చేను:
తోయలేదులేబ్బా. మా తప్పు మేం చెప్పుకున్నాం, అంతే.

బురుజు నీడ:
సరే, ఓటు వెనక్కి తీసుకుంటున్నా. మూడో ఫేజూ, ఒకటి చెప్పు. సాయంత్రం మా వీధిలో వోల్టేజి పడిపోయి ఫ్యాను ఈగను కూడా తోలదు. సైడీలో దానికి ఎన్ని నిమిషాలు?

మూడో ఫేజు:
సున్నా. కరెంటు ఉన్నట్టే లెక్క.