"సొంత డబ్బుతో కొన్నాను" అని చెప్పమంటున్నారు. ఏం జవాబివ్వాలి?

కౌంటర్ అక్క, కాకినాడ

అందరికీ నమస్తే. కాకినాడలో మాకు చిన్న మొబైల్ రిపేరు షాపు ఉంది. బోర్డు పని, డిస్‌ప్లేలు మా ఆయన చూస్తారు, కౌంటర్ నేను చూస్తాను. రిపేరుకి వచ్చిన ఫోన్ వెనక మూత తీశాక లోపల ఏం కనిపించిందో తెలుగులో చెబుతూ వీడియోలు పెడుతుంటాను. పెద్ద ఛానెల్ కాదు. చూసేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, పదిహేను వేల లోపు ఫోన్ కోసం వెతికేవాళ్లు.

పోయిన వారం ఒక మార్కెటింగ్ ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా వస్తున్న ఒక బడ్జెట్ ఫోన్ మీద వీడియో చేయాలట. ఇస్తామన్న డబ్బు మాకు చిన్నదేమీ కాదు, షాపు అద్దె కొన్ని నెలలు గడిచిపోతుంది. షరతులు విన్నాకే నిద్ర పట్టలేదు.

ఫోన్ వాళ్లు పంపరు. నా అకౌంట్‌లోంచి నేనే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి. డెలివరీ అయ్యాక ఆ డబ్బు యూపీఐలో తిరిగి వేస్తారు. అప్పుడు బిల్లు నా పేరు మీదే ఉంటుంది, సైట్‌లో నేను రాసే ఐదు నక్షత్రాల రివ్యూ పక్కన నిజంగా కొన్నట్టు గుర్తు పడుతుంది. వీడియో మొదటి నిమిషంలోనే "నా సొంత డబ్బుతో కొన్నాను" అనాలి. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ అని టిక్కు పెట్టే చోటు ఉంటుంది కదా, అది ముట్టుకోకూడదు. గేమ్ ఆడితే వేడెక్కే సంగతి "అన్ని ఫోన్లకీ ఉండేదే" అని ఒక్క మాటతో దాటేయాలి. వెనక మూత తీయడం అసలు వద్దన్నారు. మూత తీయకపోతే నా వీడియోలో ఇంకేం ఉంటుంది?

ఇదంతా నాకెందుకంత కష్టంగా ఉందంటే, ఆ వీడియోలు చూసి కొన్నవాళ్లు చివరికి వచ్చేది మా కౌంటర్ దగ్గరికే. వారంటీ దాటిన కొన్నాళ్లకే డిస్‌ప్లే మీద పచ్చగీత పడిన ఫోన్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. మొదటి జీతంతో కొనుక్కుందట. కొత్త డిస్‌ప్లే ధర చెప్పగానే మొహం వాడిపోయింది. "ఆయన సొంతంగా కొని వాడుతున్నానన్నాడు మేడమ్, అందుకే నమ్మాను" అంది. అతను నిజంగా కొన్నాడో లేదో నాకు తెలియదు. కానీ ఆ ఒక్క మాట చూసే ఆ అమ్మాయి డబ్బు పెట్టింది. ఇప్పుడు అదే మాట నన్ను అనమంటున్నారు.

ఇలా చెప్పడం చట్టప్రకారం తప్పేనా? డబ్బు తీసుకున్నానని వీడియోలోనే చెప్పి చేస్తానంటే ఒప్పుకునే కంపెనీలు ఉంటాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాదాపూర్ మాజీ

అక్కా, నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో ఇదే పని చూశాను. మీరు రాసిన షరతుల్లో నాకు కొత్తది ఒక్కటీ లేదు.

మీది చిన్న ఛానెల్ కదా, మీ వెంట ఎందుకు పడుతున్నారో చెబుతాను. పెద్ద ఛానెల్‌కి డబ్బిచ్చినప్పుడు అక్కడ లేబుల్ పెట్టిస్తారు, అందరి కళ్లూ దాని మీద ఉంటాయి కాబట్టి. అది చూసినవాడు వెంటనే కొనడు. ఆ ఫోన్ పేరు కొట్టి, పక్కన "ప్రాబ్లమ్స్" అనో "తెలుగు రివ్యూ" అనో చేర్చి మళ్లీ వెతుకుతాడు. వాడు అలా వెతికినప్పుడు దొరకాల్సింది మీలాంటి చిన్న ఛానెళ్ల వీడియోలు. అందుకే ఒకేసారి పదుల మందితో చేయిస్తారు. రిపేరు షాపు ఆవిడే బాగుందంటే పక్కింటి అక్క చెప్పినట్టు నమ్మేస్తారు. వాళ్లు డబ్బిచ్చి కొంటున్నది ఆ నమ్మకాన్నే. మీకున్న సబ్‌స్క్రైబర్ల లెక్క వాళ్లకు రెండో సంగతి.

కామెంట్లు కూడా వాళ్లే చూసుకుంటారు. వీడియో పడిన మొదటి గంటలో "నేను వాడుతున్నా బ్రో, బ్యాటరీ సూపర్" లాంటివి నాలుగైదు పడేవి, రాసేది మా పక్క టేబుల్ వాళ్లు. ఎవరైనా వేడి గురించి అడిగితే దాని కింద ఇంకో అకౌంట్‌తో "నాకైతే ఆ సమస్య లేదు" అని జవాబు.

ఒకటి గమనించండి. కంపెనీ రివ్యూ కోసం ఫోన్ పంపడం, ఫలానా రోజు దాకా వీడియో పెట్టొద్దనడం మామూలే, అందులో మోసం లేదు. అందరి వీడియోలూ ఒకే సాయంత్రం వచ్చాయని వెంటనే అనుమానించనక్కర్లేదు. కానీ అవే మూడు మంచి గుణాలు, అదే వరుసలో, ఆరుగురి నోట వచ్చాయంటే అందరికీ కాగితం ఒకరే ఇచ్చారని అర్థం.

ఇంతకీ ఆ "సొంత డబ్బు" షరతు మీకు మెయిల్‌లో రాశారా, ఫోన్‌లోనే చెప్పారా?

కౌంటర్ అక్క, కాకినాడ

ఫోన్‌లోనే. మెయిల్‌లో మోడల్ పేరు, తేదీ, డబ్బు మాత్రమే ఉన్నాయి.

మాదాపూర్ మాజీ

అనుకున్నాను. షరతులన్నీ మెయిల్‌లో పంపమని అడగండి. అక్కడే సగం తేలిపోతుంది.

నల్లకోటు

మేడమ్, నేను వినియోగదారుల కేసులు చూస్తుంటాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు అవుననే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సీసీపీఏ అనే కేంద్ర సంస్థ ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుతో పాటు దాన్ని మెచ్చుకుంటూ ప్రచారం చేసినవాళ్లకూ జరిమానా వేయొచ్చు. మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఏ ప్రచారమూ చేయకుండా నిషేధించొచ్చు, మళ్లీ చేస్తే ఆ నిషేధం మూడేళ్ల దాకా వెళ్తుంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ సెలబ్రిటీలకు, ఇన్‌ఫ్లుయెన్సర్లకు విడిగా సూచనలు ఇచ్చింది. డబ్బే కానక్కర్లేదు, ఉచిత వస్తువు, డిస్కౌంటు, హోటల్ బస, చివరికి కుటుంబ సంబంధం ఉన్నా చెప్పాల్సిందే. వీడియో అయితే కింద డిస్క్రిప్షన్‌లో రాసి ఊరుకుంటే సరిపోదు. తెర మీద కనిపించాలి, నోటితోనూ చెప్పాలి.

ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ యాస్కీ. వాళ్ల నియమాలు 2021 జూన్ 14 నుంచి ఉన్నాయి. లేబుల్ ఇంగ్లిష్‌లో ఉండాలి, లేదా ఆ ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలో ఉండాలి. రెండు నిమిషాలు, అంతకు మించిన వీడియోలో ఆ బ్రాండు గురించి మాట్లాడుతున్నంతసేపూ లేబుల్ తెర మీదే ఉండాలి. నన్నడిగితే తెలుగులోనే పెట్టండి. "ఇది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన" అని రాస్తే మా అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది.

మీ కేసులో లేబుల్ పెట్టకపోవడం ఒక తప్పయితే, "సొంత డబ్బు" అనడం అంతకంటే పెద్దది. మొదటిది నిజం దాచడం, రెండోది ఉన్న నిజానికి అడ్డంగా అబద్ధం చెప్పడం. పైగా యూపీఐలో డబ్బు తిరిగి వచ్చిన రికార్డు బ్యాంకులో ఏళ్ల తరబడి ఉంటుంది. పన్ను సంగతి కూడా ఉంది. 2022 జూలై నుంచి ఇలా వ్యాపార పరంగా వచ్చే వస్తువుల విలువ ఏడాదికి 20 వేలు దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ కట్టాలి. ఫోన్ తిరిగి ఇచ్చేస్తే ఆ లెక్క రాదు. రీఫండ్ పద్ధతి పెట్టడంలో ఇలాంటి లెక్కల నుంచి తప్పించుకునే ఉద్దేశం కూడా ఉందేమో అడిగి చూడండి.

బడ్జెట్ బ్రో

నేను వేరేగా చెబుతాను, తిట్టుకోకండి. పెద్ద హీరోలు తాము తాగని కూల్‌డ్రింకు తాగినట్టు నటిస్తే కోట్లు ఇస్తారు, ఎవరూ ఏమీ అనరు. కాకినాడలో షాపు నడుపుకునే అక్క ఒక్క వీడియో చేస్తే తప్పా? లేబుల్ పెడితే జనం స్కిప్ చేస్తారు. వ్యూస్ పడిపోతే ఆ తర్వాత మీరు నిజాయితీగా చేసే వీడియోలు కూడా ఎవరికీ చేరవు. ఫోన్ నిజంగా బాగుంటే ఎవరికి నష్టం?

కౌంటర్ అక్క, కాకినాడ

తమ్ముడూ, తిట్టుకోను. నా మీద జాలితోనే రాశావని తెలుసు. కానీ హీరో కూల్‌డ్రింకు తాగుతుంటే అది యాడ్ అని చంటిపిల్లాడికి కూడా తెలుసు. నా వీడియో చూసేవాడికి ఆ సంగతి తెలియకూడదనే కదా వీళ్లు డబ్బిస్తున్నది! తెలిస్తే వాడు కొంచెం ఆగి, ఇంకో నలుగురిని అడిగేవాడు. అలా అడిగే హక్కు వాడిది, దాన్ని నేను అమ్ముకోలేను.

ఫోన్ బాగుంటే అన్నావు. మూత తీసి చూడనివ్వకపోతే బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? ఛార్జింగ్ పిన్ను ఉండే సీసీ బోర్డు ఎలా అమర్చారు, వేడి లాగే షీటు వేశారా లేదా, బ్యాటరీ తీయాలంటే ఎంత జిగురు కరిగించాలి, ఇవన్నీ చూసే నేను మాట్లాడేది. పెట్టెలోంచి తీసి వెనకరంగు బాగుందనడానికి నేనెందుకు?

పాత బ్లాగరు, డాలస్

అమ్మా, 2006లో తెలుగు బ్లాగులు రాయడం మొదలుపెట్టినవాణ్ని. అప్పుడు ఇక్కడ అమెరికాలో సరిగ్గా ఇదే గొడవ నడిచింది. మీ ఏజెన్సీవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఆ ఏడాది చివర్లో ఇద్దరు కుర్రాళ్లు రాసినట్టుగా ఒక బ్లాగు వచ్చింది. క్రిస్మస్‌కి స్నేహితుడికి సోనీ పీఎస్‌పీ (చేత్తో పట్టుకుని గేములాడే పరికరం) కావాలి, అమ్మానాన్నలను ఎలా ఒప్పించాలి అని యాస కలిపిన ఇంగ్లిష్‌లో పోస్టులు, ఒక ర్యాప్ వీడియో. చదివేవాళ్లకు అనుమానం వచ్చి ఆ వెబ్‌సైట్ ఎవరి పేరు మీద ఉందో చూస్తే జిపటోనీ అనే మార్కెటింగ్ కంపెనీ పేరు బయటపడింది. సోనీ ఒప్పుకోక తప్పలేదు. దానికి కొద్ది నెలల ముందే ఒక జంట పెద్ద వ్యానులో దేశం తిరుగుతూ, రాత్రిళ్లు వాల్‌మార్ట్ పార్కింగులో బస చేస్తూ అక్కడి ఉద్యోగులు ఎంత సంతోషంగా ఉన్నారో బ్లాగులో రాశారు. ఖర్చు పెట్టింది వాల్‌మార్ట్ డబ్బుతో నడిచే ఒక సంఘం, వెనక ఉన్నది ఎడెల్‌మన్ అనే పీఆర్ సంస్థ. మీ సంబంధం ఏమిటో చెప్పి తీరాలని నియమావళి రాసుకున్న మార్కెటింగ్ సంఘంలో ఆ ఎడెల్‌మన్ కూడా సభ్యురాలే. చివరికి సంస్థ అధిపతే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అదే డిసెంబరులో మైక్రోసాఫ్ట్, చిప్పుల కంపెనీ ఏఎమ్‌డీ కలిసి కొందరు బ్లాగర్లకు విండోస్ విస్టా వేసిన ఏసర్ ఫెరారీ ల్యాప్‌టాప్‌లు పంపాయి. షరతు లేదు, ఉంచుకోమన్నారు. దాని మీద వారాల తరబడి వాదించుకున్నాం. నేను అప్పుడూ ఇప్పుడూ ఒకటే అంటాను: వస్తువు తీసుకోవడం కాదు, తీసుకున్నట్టు చెప్పకపోవడమే తప్పు. చెప్పినవాళ్ల రివ్యూలు జనం చదివారు, నమ్మినవాళ్లు నమ్మారు. ఆ గొడవ చూసి మైక్రోసాఫ్ట్ కూడా, పని అయ్యాక తిరిగి పంపండి లేదా ఎవరికైనా ఇచ్చేయండి అని మాట మార్చుకుంది.

ఇవన్నీ కలిసి 2009లో ఎఫ్‌టీసీ, అంటే ఇక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ, నియమాలు మార్చేదాకా వెళ్లాయి. అప్పటి నుంచి బ్లాగరైనా సరే సంబంధం చెప్పాలి. ఆసియాలోనూ జరిగింది: 2013లో తైవాన్ ప్రభుత్వ సంస్థ శామ్‌సంగ్‌కి కోటి తైవాన్ డాలర్ల జరిమానా వేసింది. మనుషులను పెట్టి ఆన్‌లైన్‌లో తమ ఫోన్లను పొగిడించి, పోటీ కంపెనీ హెచ్‌టీసీని తిట్టించినందుకు. మాదాపూర్ బాబు చెప్పిన పక్క టేబుల్ కామెంట్లు అవే.

రిలీజ్ రోజు బ్యాచ్

ఫోన్ల దాకా ఎందుకు, సినిమాల్లో మాత్రం? 2000లో సోనీ పిక్చర్స్ అసలు మనిషే లేని ఒక విమర్శకుణ్ని పుట్టించి, డేవిడ్ మ్యానింగ్ అని పేరు పెట్టి, అతను మెచ్చుకున్నట్టు సినిమా ప్రకటనల్లో వేసుకుంది. 2001లో ఒక పత్రికా విలేకరి ఆరా తీస్తే బయటపడింది. తర్వాత ప్రేక్షకులు కోర్టుకెళ్తే 15 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నారు. మన దగ్గర థియేటర్ బయట మైకు ముందు "బొమ్మ బ్లాక్‌బస్టర్" అని అరిచేవాళ్లలో ఎంతమంది టికెట్ కొన్నారో అడిగేవాడు లేడు. 150 రూపాయల టికెట్‌తో పోతుంది కాబట్టి జనం ఊరుకుంటున్నారు.

నల్లకోటు

డబ్బుతో పోనివి కూడా ఉన్నాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన యూట్యూబర్లు, నటుల మీద పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు పెట్టారు. "నేను ఆడి గెలిచాను" అని ఫోన్ తెర చూపించిన రీల్స్ మనందరం చూశాం. ఆ ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములతో పాటు వాటి ప్రచారాన్నీ నిషేధించింది. అక్కడ కూడా జనం పడింది "నేను" అన్న సాక్ష్యానికే.

మాదాపూర్ మాజీ

అక్కా, మీ రెండో ప్రశ్న మిగిలింది. లేబుల్‌తో ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి. డబ్బు కొంచెం తగ్గుతుంది, నిజమే. ఏజెన్సీని దాటి బ్రాండు మార్కెటింగ్ వాళ్లకే నేరుగా రాయండి. చాలాసార్లు ఈ దొంగ షరతు బ్రాండుది కాదు, ఎక్కువ వ్యూస్ చూపించి బిల్లు పెంచుకోవాలనుకునే ఏజెన్సీది. రిపేరు సామాను అమ్మేవాళ్లను కూడా అడగండి, టూల్స్, టెంపర్డ్ గ్లాసు, బ్యాటరీలు. మీ ఛానెల్‌కి వాళ్లే సరిగ్గా సరిపోతారు.

కౌంటర్ అక్క, కాకినాడ

అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. టూల్స్ కంపెనీల సంగతి ఆయనకు బాగా నచ్చింది, రేపే డీలర్‌తో మాట్లాడతానన్నారు. ఏజెన్సీకి ఈ మెయిల్ రాశాను, పంపే ముందు చూడండి:

"నమస్తే. ఫోన్‌లో మీరు చెప్పిన షరతులన్నీ దయచేసి రాతపూర్వకంగా పంపండి. సొంత డబ్బుతో కొన్నానని నేను చెప్పను, రీఫండ్ పద్ధతి కూడా వద్దు. ఫోన్ మీరే పంపండి, వీడియో అయ్యాక తిరిగి పంపిస్తాను. డబ్బు తీసుకుని చేసిన ప్రకటన అని తెర మీద తెలుగులో వేస్తాను, నోటితో చెబుతాను, యూట్యూబ్ టిక్కు పెడతాను. వెనక మూత తీసి చూపిస్తాను. వేడి ఎంత వచ్చిందో థర్మామీటరు పెట్టి చెబుతాను. సైట్‌లో రివ్యూ రాయను. ఇవి కుదిరితే చేస్తాను."

నల్లకోటు గారూ, ఇందులో చట్టప్రకారం ఇంకేమైనా చేర్చాలా? షాపు మూసేలోపు చెబితే రాత్రికే పంపేస్తాను.