ఆర్‌వీ 30 ఆంప్ బ్రేకర్ మాటిమాటికీ ట్రిప్ అవుతోంది

ప్రశ్న: మాది డాలస్. ఈ వేసవికి పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే ఆర్‌వీ, అంటే చక్రాల ఇల్లు) కొన్నాం, 30 ఆంప్ ప్లగ్‌ది. ఇప్పుడు గాల్వెస్టన్ దగ్గర ఒక ఆర్‌వీ పార్కులో ఉన్నాం. మధ్యాహ్నం వంట మొదలుపెట్టగానే బయట కరెంటు బాక్సులో బ్రేకర్ ట్రిప్ అవుతోంది. ఏసీ ఆగితే పిల్లలు ఊరుకోరు, మా అత్తగారు అసలే ఊరుకోరు. పక్కనే 50 ఆంప్ సాకెట్ ఉంది, అడాప్టర్‌తో దాంట్లో పెట్టనా? ఇంటి గరాజ్‌లో కూడా 30 ఆంప్ సాకెట్ పెట్టించాలి.

జవాబు 1: బ్రేకర్ తన పని చేస్తోందండీ. 120 వోల్టుల దగ్గర 30 ఆంప్‌లంటే 3,600 వాట్లు, అంతే. ఏసీకి 13 ఆంప్‌ల దాకా, ఇండక్షన్ ఫుల్లో పెడితే 15, వాటర్ హీటర్ కరెంటు మీదుంటే ఇంకో 12. కూడి చూడండి. హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చండి, ఇండక్షన్ తగ్గించి పెట్టుకోండి. అడాప్టర్ వల్ల లాభం లేదు. ట్రైలర్ లోపలి మెయిన్ బ్రేకర్ కూడా 30దే, బయటిది ఆగకపోతే అది ట్రిప్ అవుతుంది. పైగా మీ 30 ఆంప్ కేబుల్‌కి 50 ఆంప్ బ్రేకర్ కాపలా అవుతుంది.

జవాబు 2: గరాజ్ సాకెట్‌తో జాగ్రత్త. టీటీ-30ని (మీ ట్రైలర్ ప్లగ్‌కి సరిపోయే 30 ఆంప్ సాకెట్ పేరు) బట్టల డ్రయ్యర్ సాకెట్ అనుకుని 240 వోల్టులు ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లున్నారు. ట్రైలర్ ప్లగ్ పెట్టగానే మైక్రోవేవ్, కన్వర్టర్ (కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే పెట్టె) పోతాయి. '120 వోల్టులు, సింగిల్ పోల్ బ్రేకర్' అని కాగితం మీద రాసివ్వండి. ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్‌తో చూపించమనండి.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ, హీటర్ మార్చాక నిలబడింది. అన్నట్టు, స్నానం చేసొచ్చి తలుపు హ్యాండిల్ పట్టుకుంటే జిల్లుమంటోందని అత్తగారు అంటున్నారు. ఉప్పుగాలి వల్లా?

జవాబు 1: కాదు! ముందు ఇది చూడండి, వంట తర్వాత. లోపలున్నవాళ్లని లోపలే ఉండమనండి. మీరు చెప్పులేసుకుని, పొడి చేత్తో, ట్రైలర్‌ని తాకకుండా బాక్సులో బ్రేకర్ ఆపి ప్లగ్ తీసేయండి. ఎక్కడో గ్రౌండ్ వైరు (ఎర్త్) తెగింది, కరెంటు ట్రైలర్ రేకులోకి వస్తోంది. ఒక ఆంప్‌లో పదో వంతు చాలు ప్రాణం తీయడానికి, 30 ఆంప్ బ్రేకర్‌కి అది లెక్కలోకే రాదు. తప్పు పార్కు సాకెట్‌లోనా, మీ కేబుల్‌లోనా అన్నది పార్కు ఆఫీసువాళ్లని పిలిచి మీటర్ పెట్టించి తేల్చుకోండి. అప్పటిదాకా ప్లగ్ పెట్టొద్దు, ఎంత ఉక్కపోసినా సరే.